మద్దెల ఆగిన చోట

సన్యాసి మీద ఆయన కూతురికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. తాళం తప్పని మనిషిని ఆయన ఏ తప్పుకూ పట్టుకోలేడు.

అదొక్కటి పక్కన పెడితే ఆయనంత మంచి మనిషి కాంప్ ద మాస్క్ ఊరు మొత్తంలో దొరకడు. తాగడు. చాడీలు చెప్పడు, ఒకరు చెబితే వినడు. పొద్దున్న చెరుకు తోటలో నడుం వంచి, సాయంత్రం గుడి వసారాలో పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దిస్తాడు. కూరలో ఉప్పు మరిచిపోతే కిమ్మనకుండా తిని లేస్తాడు. కూతురి ముంజేయి విరిగి వంకరగా అతుక్కుంటే, అదీ కిమ్మనకుండానే చూసి ఊరుకున్నాడు. కాని రామభజనలో ఊరంతా దీపం చుట్టూ తిరుగుతూ పాడుతున్నప్పుడు, వెనక వరసలో ఎవడి తాళం వెంట్రుకవాసి వెనకబడినా సరే, మూసిన కళ్ళు తెరవకుండానే వాడివైపు వేలు చూపిస్తాడు.

అంతటి చెవికి ఆనిన మద్దెల ఈ దీవిలో ఒక్కటే. అది వాయించేవాడు ఆయన అల్లుడు అప్పల్సామి.

"ఈ రాత్రి అతను మనింటికి వస్తాడా?" అంది ఈశ్వరమ్మ. గుమ్మడికాయ ముక్కలు కోస్తోంది. కత్తిపీట మీంచి తల ఎత్తలేదు.

సన్యాసి చింతపండుతో ఇత్తడి దీపపు సెమ్మె తోముతున్నాడు. "వంతు మనది. గోవిందుడి నెలలో శనివారం భజన వంతు వస్తే వద్దనుకున్న ఇల్లు ఊళ్ళో ఉందా?"

"వంతు సంగతి కాదు నాన్నా. అతను వస్తాడా అని."

"మద్దెల లేకుండా భజన ఏమిటే?"

"మంగళవారం కోర్టు. నా ఛాయలకు రాకూడదని మేజిస్ట్రేటు చేత ఆర్డరు వేయించమని నేను అడుగుతున్నాను. ఆ మనిషికి శనివారం నేనే పులిహోర వడ్డించాలా?"

"మీ మేనత్త వడ్డిస్తుందిలే."

సమస్య తీరిపోయినట్టు ఆయన మళ్ళీ సెమ్మె తోముకున్నాడు.

"అతని తరఫు సాక్షివి నువ్వట," అంది ఈశ్వరమ్మ. "నీ పేరే రాయించాడు."

"నా మాట మీద గౌరవం ఉంది కాబట్టి రాయించాడు."

"నాకూ ఉంది గౌరవం. అందుకే భయంగా ఉంది."

గుమ్మంలో పప్పు చెరుగుతున్న మేనత్త అమ్మాయమ్మ చేట దించింది. సన్యాసికి అక్క ఆవిడ, మొగుడు పోయి తమ్ముడి పంచన చేరింది. మాట ఎవరి వైపు పడాలో ఆఖరి క్షణం దాకా తేల్చుకోని మనిషి.

"నువ్వు కూడా దీపం ముట్టేవు కదేటే," అంది ఈశ్వరమ్మతో. "ఇంటి గుట్టు గడప దాటించనని. నా కళ్ళెదటే ముట్టేవు. మరి కోర్టుకెలా ఎక్కుతావు?"

ఈశ్వరమ్మ కత్తిపీట పక్కకు జరిపింది.

అదీ అసలు ముడి. వాళ్ళలో మొగుడూ పెళ్ళాల తగవు వస్తే పోలీసుల దగ్గరికి పోరు. భజన దీపం వెలిగించి, ఇద్దరి చేతా సెమ్మె ముట్టిస్తారు. అతను చెయ్యెత్తనని అనాలి. ఆమె బయట చెప్పనని అనాలి. ఆ తరవాత ఆ మాట ఎత్తినవాళ్ళు దీపాన్ని అవమానించినట్టు. ఊరిపెద్దగా ఆ దీపం వెలిగించింది సన్యాసే. ఒకసారి కాదు. రెండోసారి వెలిగించినప్పుడు ఈశ్వరమ్మ ఎడమ చేతికి కట్టు ఉంది, కుడిచేత్తో ముట్టింది.

"అతని మాట వారం నిలబడింది అత్తా," అంది. "నాది ఏడాదిగా నిలబెడుతూనే ఉన్నాను. ఇద్దరి బరువూ నేనే మోస్తున్నానన్నమాట."

"బరువంటావేటి, ప్రమాణాన్ని!"

"తేలిగ్గా ఉంటే అతనూ మోసేవాడే."

సన్యాసి లేచాడు. మాట నచ్చకపోతే లేవడం ఆయన అలవాటు. మూలనున్న రెండు బకెట్లూ తీసుకుని వీధికుళాయికి బయల్దేరాడు.

ఈ నీళ్ళ సంగతి ఒకటుంది. రెండు నెలల కిందటి దాకా నీళ్ళు ఈశ్వరమ్మే తెచ్చేది. కుళాయి వీధికి అవతల, చీనావాడి కొట్టు ముందు. ఆమె పుట్టింటికి వచ్చేసిన దగ్గర్నుంచి అప్పల్సామి పని దిగగానే ఆ కొట్టు వసారాలో చెక్కపెట్టె మీద కూర్చుంటున్నాడు. అరవడు. తిట్టడు. పెట్టె మీద వేళ్ళతో వాయించుకుంటూ ఈ గుమ్మం కేసి చూస్తాడంతే. ఓ సాయంత్రం ఆమె బకెట్టు నింపి ఎత్తబోతే వచ్చి అందుకున్నాడు. నీళ్ళు నేలమీద ఒలకబోసి, ఖాళీ బకెట్టు ఎంతో మర్యాదగా ఆమె చేతికిచ్చాడు. ఆమె మళ్ళీ పట్టింది. మళ్ళీ ఒలకబోశాడు. వరసలో ఉన్న ఆడవాళ్ళు మొదట నవ్వారు. కాసేపటికి నవ్వు మానేశారు. వెలుతురు పోయేదాకా అలాగే సాగింది. ఆ రోజు ఆ ఇంట్లో వంట లేదు.

మర్నాటి నుంచి బకెట్లు సన్యాసి చేతికి వచ్చాయి. ఎందుకని కూతుర్ని అడగలేదు. ఊరు కూడా ఆయన్ని అడగలేదు. గురువుగారికి ఈ వయసులోనూ ఎంత ఓపిక అని మెచ్చుకుంది.

ఆగస్టులో ఓట్లు పడ్డాయి. వచ్చే ఏడు దేశానికి స్వాతంత్ర్యం వస్తుందని కొట్టు గోడ మీద కాగితాలు అంటించారు. అది ఈశ్వరమ్మకు కిటికీ సందులోంచి స్పష్టంగా కనబడుతుంది. ఆమెది మాత్రం ఇంకా కుళాయి దాకా కూడా రాలేదు.

*

చీకటి పడకముందే జనం నిండారు. వాకిట్లో చెప్పులు, గదిలో సాంబ్రాణి పొగ, మధ్యలో మెరిసే సెమ్మె. అందరూ వచ్చారు. ఎవరూ వంటింటి వైపు చూడలేదు. ఎంత జాగ్రత్తగా చూడలేదంటే, అందరికీ అంతా తెలుసునన్నమాట.

"రా అబ్బాయ్, ఇలా కూర్చో," అన్న తండ్రి గొంతు వినబడింది.

"కాళ్ళకు దండం మావా," అన్న గొంతు కూడా.

వంటింటికి రెండు తలుపులు. ఒకటి ముందుగదిలోకి. రెండోది పెరట్లోకి, దానికి పోయిన నెలలో సన్యాసే దుంగలాంటి అడ్డుకర్ర బిగించాడు, కూతురు క్షేమంగా ఉండాలని. అది ఎత్తాలంటే రెండు చేతులూ సవ్యంగా ఉండాలి.

ఈశ్వరమ్మ పొయ్యి దగ్గర కూర్చుని పాట వింది. వినకుండా ఎలా ఉంటుంది? ఆ మద్దెల నిజంగానే బాగుంటుంది. అదే ఆమెకు అన్నిటికంటే కంపరం. పెళ్ళిచూపులప్పుడు కూడా ఆమె ముఖం చూడకముందు అతని వాయింపు విని తండ్రి ఊ అన్నాడు. పాట గోవింద నామాల్లోకి దిగింది, నడక పెరిగింది, అడుగుల కింద నేల అదిరింది.

మద్దెల ఆగింది.

తాళాలు సాగుతున్నాయి. గొంతులు సాగుతున్నాయి. వాటి కింద ఉండాల్సిన నేల ఒక్కటే లేదు.

తలుపు తెరుచుకుని, అతని వెనకే మూసుకుంది.

"కాసిని మంచినీళ్ళు," అన్నాడు అప్పల్సామి. నుదుటి మీద విభూతి, చెమట. "గొంతు ఎండిపోయింది."

ఆమె గ్లాసు ముంచి గట్టు మీద పెట్టింది. అతను అందుకుని, ఆమె కేసే చూస్తూ, నీళ్ళు నెమ్మదిగా నేలమీద పోశాడు. గ్లాసు ఆమె చేతికిచ్చాడు.

"మళ్ళీ."

ఈశ్వరమ్మ పెరటి తలుపు కేసి చూసింది. అతనూ చూశాడు. నవ్వాడు.

"మావ గట్టిగానే బిగించాడు," అన్నాడు. "మంగళవారం నువ్వో మాట అనాలి. ఇంటికెళ్ళిపోతానని. అంతే. ఊరి ముందు నన్ను దొంగలా నిలబెట్టి నువ్వు ఏం బావుకుంటావు?"

"కుళాయికి వెళ్తాను," అంది.

అతనికి అర్థం కాలేదు. అర్థం కానిది అతనికి నచ్చదు. ఎడమ ముంజేయి పట్టుకున్నాడు, సరిగ్గా అతుకు మీద. నొక్కాడు. ఎక్కడ నొక్కాలో తెలిసిన వేళ్ళు.

"ఏమంటావు?"

"అనను."

ఇంకా నొక్కాడు. ఆమె మోచెయ్యి తగిలి ఇత్తడి గిన్నె గట్టు మీంచి పడింది. మోత గదంతా తిరిగి, తలుపు కిందనుంచి ముందుగదిలోకి కూడా పోయి ఉండాలి.

ఎందుకంటే ఆ క్షణంలో సన్యాసి గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. ఎత్తుకున్న శ్రుతి వదిలి ఆయన అలా పైకి వెళ్ళడం ఈశ్వరమ్మ పుట్టి బుద్ధెరిగి వినలేదు. మిగతావాళ్ళు తడబడి, అందుకోలేక, అరుస్తూ వెంటపడ్డారు. గిన్నె మోత ఆ పాటలో మునిగిపోయింది.

అప్పల్సామి చెయ్యి వదిలాడు. పంచెకు వేళ్ళు తుడుచుకున్నాడు. వెళ్ళిపోయాడు.

మద్దెల మళ్ళీ అందుకుంది, ఎక్కడ వదిలిందో సరిగ్గా అక్కడే. తలుపు సందులోంచి ఈశ్వరమ్మకు తండ్రి ముఖం కనిపించింది. కళ్ళు మూసుకునే ఉన్నాయి. తల ఊపుతున్నాడు.

కాసేపటికి అమ్మాయమ్మ వచ్చింది. నేలమీద నీళ్ళు చూసింది. గిన్నె చూసింది. మేనకోడలు ఒళ్ళో పెట్టుకున్న చెయ్యి చూసింది.

"గిన్నె జారిందేటి?" అంది.

"జారింది అత్తా."

అమ్మాయమ్మ గిన్నె తీసి బోర్లించి, నేల తుడిచి, పులిహోర పళ్ళెం ఎత్తుకుంది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది.

"వాడికి నేను పెట్టనులే," అంది. "వాడే వడ్డించుకుంటాడు."

ఆవిడ మటుకు ఆవిడకు అది పెద్ద తిరుగుబాటే.

*

ఆదివారం సన్యాసి పాడలేదు. పొద్దున్నే లేచి కూనిరాగం తియ్యకుండా ఆయన పళ్ళు తోముకోగా ఎవరూ చూడలేదు. అమ్మాయమ్మ జ్వరమేమోనని నుదురు ముట్టుకుంది.

సోమవారం సాయంత్రం బకెట్లు దించి, వంటింట్లో నిలబడ్డాడు.

"ఈ గిన్నెకు సొట్ట పడిందేం?"

"పడింది."

"ఎప్పుడు?"

"నువ్వు పాడుతున్నప్పుడు నాన్నా."

ఆయన గిన్నె చేతిలో తిప్పి చూశాడు. బొటనవేలితో సొట్ట మీద నొక్కాడు, సరిచేద్దామన్నట్టు. ఇత్తడి వంగలేదు. గిన్నె గట్టు మీద పెట్టేశాడు.

"రేపు నేను అబద్ధం చెప్పను," అన్నాడు. "నేను చూసిందే చెబుతాను."

"నువ్వేం చూశావు నాన్నా?"

ఆయన లేచి వెళ్ళడానికి కూర్చుని లేడు. నిలబడే ఉన్నాడు. అందుకని వెళ్ళడానికి సాకు దొరక్క, అలాగే కొంచెంసేపు ఉండిపోయి, తరవాత వెళ్ళిపోయాడు.

పక్కింటి జీనెట్ పెరటి తలుపు తట్టింది. ఇద్దరూ కలిసి అడ్డుకర్ర ఎత్తారు, లోపల్నుంచి ఈశ్వరమ్మ భుజంతో, బయటినుంచి జీనెట్ సలహాలతో. జీనెట్ బట్టలు కుట్టుకునే క్రియోల్ ఆవిడ. పోలీసులు ఇది మొగుడూ పెళ్ళాల వ్యవహారమని పంపేస్తే, ఈశ్వరమ్మకు తన టోపీ పెట్టి, బస్సెక్కించి, జిల్లా కోర్టుకు తీసుకుపోయింది ఈవిడే.

అక్కడి గుమస్తా రోజర్ మొదట అడిగింది, సర్కారు రిజిస్టరులో రాయించిన సివిల్ పెళ్ళి కాగితం ఏదని. లేదంది ఈశ్వరమ్మ. భద్రాచలంలో రాములవారి పెళ్ళికి ఎవరు సివిల్ చేయించారని తన తండ్రి అప్పట్లో అడిగాడని, ఊళ్ళో ఎవరూ జవాబు చెప్పలేకపోయారని కూడా చెప్పింది. రోజర్ కలం చెవి మీద పెట్టుకుని ఆలోచించాడు. అయితే చట్టం లెక్కన ఆ మనిషి మీకు ఏమీ కాడు మదామ్, అన్నాడు. ఏమీ కాని మనిషి దారి కాచి చెయ్యి విరగ్గొడితే మేం పిలిపించి అడగొచ్చు. అక్కర్లేదన్న కాగితం లేకపోవడమే ఆమెకు దారి తెరిచింది. తండ్రి చేసిన మేలుల్లో అదొకటి. ఆయనకు తెలియకుండా చేసింది.

"ఆయో, మ ఫీ, నా బిడ్డా, చెయ్యి మళ్ళీ వాచిందే," అంది జీనెట్, ఇస్త్రీ చేసిన రవిక మంచం మీద పెడుతూ. "నల్లగా కూడా అయింది. మేజిస్ట్రేటుకు చూపించు."

"పాత దెబ్బేనంటాడు."

"నాన్న ఇంట్లోనే ఉన్నాడు కదా అప్పుడు?"

"ఊరంతా ఉంది."

జీనెట్ నోరు తెరిచింది, ముందుగది వైపు చూసింది, మూసుకుంది. సూదిదారం నోట్లో పెట్టుకునే అలవాటున్న ఆడది అలా మూసుకుంటే బయటికి రాని మాటలు చాలా ఉంటాయి.

*

కోర్టు గది చిన్నది. వెనక బెంచీల మీద భజన బృందం మొత్తం కూర్చుని ఉంది. తమ మద్దెలకు అన్యాయం జరగకుండా చూద్దామని వచ్చారు. తెల్ల పంచెలు, గంధం బొట్లు. పెళ్ళికి వచ్చినట్టున్నారు. అమ్మాయమ్మ వాళ్ళ చివర కూర్చుంది, జీనెట్‌కి ఒక జానెడు ఇవతల. ఎవరి పక్షమో చూసేవాళ్ళే తేల్చుకోవాలి.

నిజం చెబుతానని చెయ్యెత్తమన్నాడు రోజర్. ఈశ్వరమ్మకు దీపం గుర్తొచ్చింది. చెప్పనని ముట్టిన చెయ్యి కుడిది. ఒక్క క్షణం ఆగి, ఎడమ చెయ్యి ఎత్తింది.

"కుడిచెయ్యి మదామ్," అన్నాడు రోజర్ మెల్లిగా.

మార్చింది. మారుస్తుంటే వంకర ముంజేయి అందరికీ కనిపించింది. మేజిస్ట్రేటు కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు.

ఆమె దీవి వాడుక భాష క్రియోల్‌లో చెప్పింది. కుళాయి, పెట్టె, చెయ్యి, శనివారం. రోజర్ అంతా ఇంగ్లీషులో వినిపించాడు.

"శనివారం అక్కడ ఎవరున్నారు?" అని అడిగాడు మేజిస్ట్రేటు.

"అందరూ ఉన్నారండి. ఎవరూ చూడలేదు."

అప్పల్సామి వంతు వచ్చింది. చక్కగా మాట్లాడాడు. మంచినీళ్ళకు వెళ్ళానన్నాడు. చెయ్యి పాత దెబ్బ, మెట్టు మీంచి జారి పడిందన్నాడు. "మాలో ఒక ఆచారం ఉందండి. దీపం ముట్టి ప్రమాణం చేస్తే అయిపోయినట్టే. నేను చేశాను. సాక్షి మా మావగారు. ఆయన మాట కాదనేవాడు మా ఊళ్ళో లేడు. ఆయన్నే అడగండి."

వెనక బెంచీలు తలలూపాయి. ఆ క్షణంలో అతనికీ, వాళ్ళకీ కూడా అది తిరుగులేని మాటగా తోచింది. దీపం ముట్టినవాడికి ఇంకేం భయం?

సన్యాసి సాక్షిబోనులో నిలబడ్డాడు. తలపాగా చుట్టుకున్నాడు. కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి.

"మీ అల్లుడు ప్రమాణం చేశాడా?"

"చేశాడండి," అన్నాడు క్రియోల్‌లో. "నా ముందే చేశాడు."

"ఏమని?"

"చెయ్యెత్తనని."

"ఎవరి మీద?"

"దాని మీద. నా కూతురి మీద."

మేజిస్ట్రేటు రాసుకున్నాడు. కలం ఆపాడు. "మిస్యే సన్యాసి, మీరెప్పుడైనా అలాంటి ప్రమాణం చేశారా? భార్య మీద చెయ్యెత్తనని?"

"నేనా?" సన్యాసికి కోపం వచ్చింది. "నేనెందుకు చేస్తానండి? నేనెన్నడూ..."

అని ఆగిపోయాడు. తన జవాబు తన చెవిన పడింది. ఆ చెవి సంగతి చెప్పాను కదా.

 వెనక బెంచీలో ఎవరో దగ్గబోయి మానుకున్నారు.

"ఒక్కసారేనా చేసింది?" అన్నాడు మేజిస్ట్రేటు, అదే గొంతుతో.

"లేదండి. మళ్ళీ ఒకసారి కూడా."

"మళ్ళీ ఎందుకు?"

"మొదటిది నిలబడలేదు."

"రెండోదాని తరవాత అతను ఈమె జోలికి రావడం మీరు చూశారా?"

ఈశ్వరమ్మ తండ్రి ముఖం చూడలేదు. ఆయన చేతులు చూసింది. బోను కర్ర పట్టుకుని ఉన్నాయి. బకెట్ల తీగ కోసిన గీతలు ఆ వేళ్ళమీద ఎర్రగా ఉన్నాయి.

"చూడలేదండి," అన్నాడు సన్యాసి.

నిజమే చెప్పాడు. ఆయన అబద్ధమాడడు.

"సరే. మీరు దిగవచ్చు."

ఈశ్వరమ్మ లెక్క వేసుకుంది. పెరటి తలుపు, అడ్డుకర్ర, కిటికీ సందు, కొట్టు గోడ మీది కాగితాలు. ఇక బతుకంతా అవే. తండ్రి ముసలివాడవుతాడు. నీళ్ళు మొయ్యలేని రోజు వస్తుంది. ఆ రోజు తను బకెట్టు ఎత్తుకుని వీధి దాటాలి.

బోను మెట్టు మీద సన్యాసి ఒక కాలు కింద పెట్టాడు. అప్పుడు వినిపించింది. మెల్లగా, కర్ర మీద వేళ్ళు. గండం గడిచిందని అప్పల్సామి బెంచీ చేతి మీద వాయించుకుంటున్నాడు, తనకే తెలియకుండా. శనివారం నాటి నడకే అది, గోవింద నామాలది.

సన్యాసి ఆ కాలు వెనక్కి తీసుకున్నాడు.

"చూడలేదండి," అన్నాడు మళ్ళీ. "విన్నాను."

మేజిస్ట్రేటు తలెత్తాడు.

"మద్దెల ఆగింది. ఆగినప్పుడు వంటింటి తలుపు చప్పుడైంది, ఒకసారి తెరిచినట్టు, ఒకసారి మూసినట్టు. మంచినీళ్ళు తాగడానికి తలుపు ముయ్యక్కర్లేదు. గిన్నె పడింది. దాని వెనక నా కూతురి గొంతు. అరుపు కాదండి, పళ్ళు బిగించి లోపలికి మింగిన చప్పుడు. అదీ విన్నాను. చిన్నప్పుడు ముల్లు గుచ్చుకున్నా అలాగే చేసేది. నాకు తెలుసు ఆ చప్పుడు."

"విని మీరేం చేశారు?"

"గొంతు పెంచానండి."

"అంటే?"

"ఎవరికీ వినబడకుండా, గట్టిగా పాడాను."

రోజర్ ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో నీళ్ళు తాగి, పూర్తి చేశాడు.

సన్యాసి కూతురి వైపు తిరిగాడు. ఏదో అన్నాడు, తెలుగులో, లోగొంతుతో. ఈశ్వరమ్మకు వినబడింది. అప్పల్సామికీ వినబడినట్టుంది, వేళ్ళు ఆగిపోయాయి.

"ఆయన ఏమన్నారు?" అన్నాడు మేజిస్ట్రేటు.

"నాకు ఆ భాష రాదు సార్," అన్నాడు రోజర్.

"ఆయన్నే చెప్పమనండి. కోర్టుకు తెలిసేలా. అందరికీ వినబడాలి."

సన్యాసి వెనక బెంచీల వైపు తిరిగాడు. ఇన్నేళ్ళుగా ఆయన ఒక వరస పాడితే తిరిగి పాడిన మనుషులు అక్కడున్నారు. అలవాటు చొప్పున కళ్ళు మూసుకున్నాడు. పాట ఎత్తుకునే ముందు తీసినట్టే నిండా ఊపిరి తీశాడు.

"తప్పు నాది," అన్నాడు, ముందు క్రియోల్‌లో, తరవాత తెలుగులో. "వాడి చేత దీపం ముట్టించి నా బిడ్డ నోరు కట్టేశాను. తప్పు నాది."

భజనలో అలవాటున్న మనిషి కాబట్టి, అక్కడ ఆగాడు. వరస తిరిగి వస్తుందని ఎదురు చూశాడు.

ఒక్క గొంతూ లేవలేదు.

సన్యాసి ఇంకోసారి అన్నాడు. ఈసారి కళ్ళు తెరిచి.